ఉత్తుత్తి సూది

మా అక్క నాకు పెట్టిన పేరు గాభరా. తాళం వేశానో లేదోనని సగం మెట్లు దిగి మళ్ళీ ఎక్కి చూసొచ్చే మనిషిని నేను. ఎవరైనా తుమ్మితే జ్వరం అనుకుంటాను, వేళకాని వేళ ఫోను మోగితే ఎవరికో ఏదో అయిందనుకుంటాను. చిన్నప్పుడు వెక్కిరింతకి పెట్టిన ఆ పేరు ఇప్పుడు మా వీధి వాళ్ళందరికీ అలవాటైపోయింది. నేను పడే భయాల్లో చాలావరకు పనికిమాలినవేనని ఒప్పుకుంటాను. ఈ ఒక్కటి మాత్రం అలాంటిది కాదు.

అక్క జుట్టు కత్తిరిస్తుంది. మేమిద్దరం ఉండే ఇంటి కింద వాటాలోనే ఆమె సెలూన్. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, ఎప్పుడూ మోగుతూనే ఉండే రేడియో, దానికంటే గట్టిగా మోగే అక్క నోరు. నేను రెండు వీధుల అవతల కళ్ళజోళ్ళ దుకాణంలో కళ్ళు పరీక్షిస్తాను, అద్దాలు బిగిస్తాను. మా అమ్మ రొమ్ము కాన్సరుతో పోయింది. అమ్మ పోయిన కొన్నేళ్ళకి అక్కకీ అలాంటి గడ్డే కనబడింది. తొందరగా దొరికింది కాబట్టి తీసేశారు. తీసేసిన డాక్టరమ్మ రోజుకొక మాత్ర రాసి, ఐదేళ్ళు వేసుకోవాలంది. "గడ్డ మళ్ళీ రాకుండా కాపలా కాసేది ఇదే. ఏమొచ్చినా మానొద్దు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. రెండోసారి చెప్పింది నా వైపు చూసి.

మాత్ర కాపలా బాగానే కాసింది గానీ, కాస్తూ కాస్తూ అక్క కీళ్ళ మీద పడింది. పొద్దున్న లేచేసరికి వేళ్ళు పిడికిలి బిగించినట్టు ముడుచుకుపోయి ఉండేవి. వేడినీళ్ళలో పెట్టుకుని ఒక్కొక్కటే తెరుచుకునేది. కత్తెరలోకి బొటనవేలు దూరేది కాదు. ఒకరోజు ఒక పెద్దమనిషికి ఎడమవైపు కత్తిరించాక చెయ్యి పైకి లేవలేదు. "ఇప్పుడిదే ఫ్యాషనండీ, ఒకవైపు పొట్టి, ఒకవైపు పొడుగు" అని నమ్మబలికి పంపించేసింది. ఆయన నమ్మాడు కూడా. ఆ కథ పైకొచ్చి నాకు చెబుతూ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక, "ఈ నెల చూసి మానేస్తానే ఈ మాత్ర. చేతులు లేకుండా బతికి ఏం చేసుకోను?" అంది.

మా అక్క అన్నదంటే చేస్తుంది. సిగరెట్లు అలాగే మానేసింది, ఒక మధ్యాహ్నం. బావని కూడా అలాగే మానేసింది.

డాక్టరమ్మ మాత్ర మార్చి చూసింది. కొత్త మాత్రా అదే పని చేసింది. అప్పుడు చెప్పింది ఆవిడే, అదే ఆసుపత్రిలో పైఅంతస్తులో ఒక పరిశోధన జరుగుతోందని. ఈ మాత్రల వల్ల వచ్చే నొప్పులకి ఆక్యుపంక్చర్ సూదులు పనిచేస్తాయా లేదా అని చూస్తున్నారట.

అక్కడి పెద్ద డాక్టరు సన్నగా, నింపాదిగా మాట్లాడే మనిషి. మా ఇద్దరినీ కూర్చోబెట్టి దాపరికం లేకుండా చెప్పాడు. "చేరినవాళ్ళలో సగం మందికి నిజం సూదులు పెడతాం. మిగతా సగం మందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే మొద్దు సూదులు. అవి చర్మానికి తగుల్తాయి గానీ లోపలికి దిగవు. ఎవరికి ఏవన్నది కంప్యూటరు లాటరీ తీసినట్టు తేలుస్తుంది. మీకేవి వచ్చాయో ఆఖరి రోజున చెప్తాం. మొద్దువి వచ్చినవాళ్ళకి ఆ తర్వాత కావాలంటే నిజమైనవి పెడతాం."

"అంటే నన్ను బురిడీ కొట్టించడానికి నా చేతే సంతకం పెట్టించుకుంటారన్నమాట" అంది అక్క.

"కొట్టించొచ్చు అని ముందే చెప్తున్నాం కదండీ."

ఆ జవాబు అక్కకి నచ్చింది. పెన్నుని పిడికిట్లో పట్టుకుని సంతకం గీకింది.

వారానికి రెండుసార్లు వెళ్ళేవాళ్ళం. నేను బయట బల్ల మీద కూర్చునేదాన్ని. లోపల సూదులు పెట్టేవాడికి అక్క మొదటి రోజే మౌనస్వామి అని పేరు పెట్టేసింది. ఎందుకంటే అతను ఎవరితోనైనా అవే నాలుగు ముక్కలు మాట్లాడాలి. "పడుకోండి. ఇప్పుడు కొంచెం తెలుస్తుంది. కదలకండి. అయిపోయింది." అంతకుమించి పెదవి విప్పకూడదు. నిజం సూది పెట్టించుకున్నవాళ్ళతో ఒకలా, మొద్దుది పెట్టించుకున్నవాళ్ళతో ఒకలా ఉంటే మొత్తం పరిశోధన మట్టికొట్టుకుపోతుందట. ఏ సూది ఎవరిదో అతనికొక్కడికే తెలుసు కాబట్టి అతని నోటికే తాళం. సూదులన్నీ తీశాక ఒక్కొక్కటీ స్టీలు గిన్నెలో వేస్తూ పైకి లెక్కపెట్టడం మాత్రం వినబడేది. పక్కగదిలో ఇంకో అమ్మాయి నొప్పికి సున్నా నుంచి పది దాకా ఎంత వేస్తారని అడిగి రాసుకునేది. ఆ పిల్లకి ఏ రహస్యమూ తెలీదు.

మొదట్లో అక్క ఎనిమిది చెప్పేది. తర్వాత ఆరు. ఒకరోజు బయటికొచ్చి చేతులు నా ముఖం ముందు పెట్టి పియానో వాయించినట్టు వేళ్ళాడించింది. "మూడు చెప్పానే" అంది. బస్సులో కూర్చున్నాక నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. అక్క చూసి, "సంతోషంగా ఉండటం కూడా రాదు దీనికి" అని కండక్టరుతో చెప్పింది.

ఆ తర్వాత సెలూన్‌లో అక్కని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళ మెడకీ గుడ్డ కట్టడం, వేళ్ళు చూపించడం. "చూడండి, ఎలా తిరుగుతున్నాయో. సూదుల మహిమ." నడుం నొప్పి ఉన్నవాళ్ళకి, మోకాలి నొప్పి ఉన్నవాళ్ళకి, నిద్ర పట్టనివాళ్ళకి, అందరికీ సూదులే చెప్పేది. మాత్ర మానేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. పొద్దున్నే టీతో పాటు మాత్ర వేసుకోవడం నేను నా కళ్ళతో చూసేదాన్ని. అది చూశాకే నాకు టీ రుచి తెలిసేది.

ఒకరోజు సూదులు పెట్టించుకుని వచ్చాక, సాయంత్రం అక్క స్వెటరు ఉతుకుదామని లోపలిది బయటికి తిప్పాను. మోచేతి దగ్గర ఉన్నికి ప్లాస్టరు ముక్కొకటి అతుక్కుని ఉంది. దాని మధ్యలో చిన్న ప్లాస్టిక్ రింగు, రింగులో సూది. సూది పడిపోకుండా అలా అంటిస్తారని అక్క చెప్పింది. ఎవరికైనా గుచ్చుకుంటే ఏమయ్యేదని మొదటి భయం. కాగితంలో చుట్టి పారేద్దామని కాగితం మడత మీద మొన ఆనించి నొక్కాను. గుచ్చుకోలేదు. మళ్ళీ నొక్కాను. సూది కాగితంలోకి దిగడానికి బదులు దాని పిడిలోకే వెనక్కి జరిగిపోయింది. వదిలితే అలాగే ఉండిపోయింది, పొట్టిగా.

చాలాసేపు ఆ స్వెటరు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. నాకు అర్థమైన విషయాన్ని అర్థం కానట్టు చేసుకోవడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ వెతికాను. వేరేవాళ్ళది అతుక్కుందేమో అనుకున్నాను. స్వెటరు విప్పి అక్క పక్కనే పెట్టుకుంటుంది, ఆ గదిలో ఇంకెవరూ ఉండరు. అది అక్క సూదే. ఇన్నాళ్ళూ అక్కకి పెట్టింది మొద్దు సూదులే.

అంతలో ముందుగదిలో ఫోను మోగింది. సూదిని కాగితంలో చుట్టి అరచేతిలో పట్టుకుని వెళ్ళి తీశాను. మౌనస్వామి గొంతు. నాలుగు ముక్కలు కాకుండా అతను మాట్లాడగా వినడం అదే మొదలు. "లెక్కలో ఒక సూది తక్కువొచ్చిందండీ. మీ అక్కగారి బట్టలకేమైనా అతుక్కుని వచ్చిందేమో కాస్త చూస్తారా?"

అక్క ఎదురుగా సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. "ఎవరే?" అంది.

ఉంది అన్నానంటే "ఏదీ, చూపించు" అంటుంది. చూపిస్తే నొక్కి చూస్తుంది. "లేదండీ, ఇక్కడేం లేదు" అని ఫోను పెట్టేశాను. "ఏదో సూది పోయిందట" అన్నాను అక్కతో. "పాపం మౌనస్వామి, అన్నీ లెక్కే ఆయనకి" అని అక్క జాలిపడింది. నేను అరచేతిలో కాగితం పొట్లాన్ని నలుపుతూ నిలబడ్డాను.

మర్నాడు దుకాణానికి ఆలస్యంగా వస్తానని చెప్పి ఒక్కదాన్నే ఆసుపత్రికి వెళ్ళాను. పొట్లం బల్ల మీద పెట్టగానే మౌనస్వామి కుర్చీలో కూలబడ్డాడు. దగ్గర్నుంచి చూస్తే చిన్న వయసే. "నిన్న మీ అక్కగారు ఒకవైపు క్షవరం కథ చెప్పారండీ. నవ్వొచ్చేసింది. మేం నవ్వకూడదు. నవ్వు ఆపుకోలేక లెక్క మర్చిపోయి పంపించేశాను. ఆవిడ వెళ్ళాక గిన్నె చూసుకుంటే ఒకటి తక్కువ."

"ఇది మొద్దుదే కదండీ" అన్నాను.

అతను లోపలికి వెళ్ళి పెద్ద డాక్టరుతో మాట్లాడి వచ్చాడు. "జరిగింది జరిగినట్టు రాసుకుంటామండీ. మీ అక్కగారికి తెలిసిపోతే మాత్రం ఆవిడ నంబర్లు పక్కన పెట్టాల్సొస్తుంది. మీరు చెప్పకుండా ఉండగలిగితే మంచిదన్నారు. కానీ అబద్ధం చెప్పమని మేం అనం. ఆవిడ అడిగితే నిజమే చెప్పమన్నారు."

"మీ నంబర్ల గోల నాకొద్దండీ. నొప్పి తిరగబెడితే ఆవిడ మాత్ర మానేస్తుంది. మానేస్తే గడ్డ తిరగబెట్టొచ్చు. నేను మా అమ్మని చూశాను. నాకు కావలసింది ఆ మాత్ర ఒక్కటే. చెప్తే ఏమవుతుంది? చెప్పకపోతే ఏమవుతుంది? అది చెప్పండి."

"తెలీదండీ."

"అసలు గుచ్చుకోని సూదికి నొప్పెలా పోయింది?"

"అది తెలుసుకోడానికే కదండీ ఇదంతా." కాసేపు ఆ పొట్టి సూదిని వేళ్ళ మధ్య ముందుకీ వెనక్కీ జరుపుతూ కూర్చున్నాడు. "నేనీ పని చాలా ఏళ్ళు నేర్చుకున్నాను. నిజం సూది పెట్టించుకున్నవాళ్ళు బాగుపడితే నా చెయ్యి మంచిదనుకుంటాను. ఇది పెట్టించుకున్నవాళ్ళు బాగుపడితే ఏమనుకోవాలో నాకు తెలీదు. మీ అక్కగారు వెళ్ళేటప్పుడు రోజూ నాకు దణ్ణం పెట్టి వెళ్తారండీ" అన్నాడు.

దుకాణంలో నేను చేసే పని ఒకటుంది. కళ్ళ పరీక్షలో అద్దం మార్చి మార్చి "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" అని అడుగుతాం. అప్పుడప్పుడు మార్చకుండా, మార్చినట్టు చప్పుడు మాత్రం చేసి అదే అద్దం మళ్ళీ పెడతాను. మనిషి చూసి చెబుతున్నాడా, నన్ను సంతోషపెట్టడానికి చెబుతున్నాడా అని తేల్చుకోవడానికి. చాలామంది "ఆ, ఇప్పుడు చాలా బాగుంది" అంటారు. నేను లోలోపల నవ్వుకుంటాను. ఆ రోజు ఒకావిడ అలాగే "హమ్మయ్య, ఇప్పుడు అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి" అంటే నాకు నవ్వు రాలేదు. ఆవిడకి నిజంగానే స్పష్టంగా కనబడి ఉంటే?

ఇక అక్కడి నుంచి నా బతుకు మింగలేక కక్కలేక అన్నట్టయింది. అక్క అడగకుండా ఉంటే చాలు, అడగకుండా ఆఖరి రోజు వరకు నెట్టుకొస్తే చాలు అని రోజులు దొర్లించాను. అంతకుముందు పొద్దున లేవగానే "చేతులెలా ఉన్నాయక్కా?" అని అడిగేదాన్ని. ఇప్పుడు అడిగితే నా గొంతులో ఏదో దొరికిపోతుందని మానేశాను. అక్క కనిపెట్టింది. "ఏమే గాభరా, నా చేతుల మీద నీకు ప్రేమ తగ్గింది?" అంది.

"బాగానే ఉన్నాయి కదా, ఏం అడగాలి?"

"బాగున్నా అడగొచ్చు."

"ఎలా ఉన్నాయి?"

"ఇలా అడిగించుకుంటే ఏం బాగుంటుంది" అని మూతి ముడుచుకుంది. నేను వంటగదిలోకి పారిపోయాను. నా ముఖం నేనే అద్దంలో చూసుకున్నాను. అక్క నొప్పి ఇప్పుడు నా ముఖంలో దాక్కుని ఉన్నట్టనిపించింది. నేను ఒక్కసారి తేడాగా చూస్తే చాలు, మళ్ళీ ఆమె వేళ్ళలోకి దూకేస్తుంది.

అన్నిటికంటే కష్టం సెలూన్‌లో కూర్చోవడం. ఒక ఆదివారం టీచరొకావిడ జుట్టుకి రంగు వేయించుకుంటూ, "అయితే మీకు పెట్టేది నిజందో ఉత్తుత్తిదో మీకెలా తెలుసండీ?" అని అడిగింది. నా చేతిలో పత్రిక పేజీ చిరిగింది.

"నా ఒంటికి తెలీదా అండీ? దిగేటప్పుడు జివ్వుమంటుంది, భుజం దాకా పాకుతుంది. ఉత్తుత్తిదైతే పాకుతుందా?" అక్క బ్రష్షు గాల్లో ఊపింది. "మా చెల్లెల్ని అడగండి. ముందెలా ఉండేవో నా వేళ్ళు."

టీచరమ్మ అద్దంలోంచి నన్ను చూసింది. అక్కా చూసింది.

"ఘోరంగా ఉండేవండీ" అన్నాను. అదొక్కటే నేను చెప్పగలిగిన నిజం.

కొన్నిసార్లు అక్క మీద కోపం వచ్చేది. మందు లేకుండానే తగ్గేదైతే అప్పుడంత ఎందుకు ఏడ్చావని. వెంటనే నా మీద నాకు అసహ్యం వేసేది. ఆ పిడికిళ్ళు నేను చూశాను. వేడినీళ్ళలో వేళ్ళు తెరుస్తూ పళ్ళ బిగువున ఆమె చేసే చప్పుడు విన్నాను. అప్పటి నొప్పీ నిజమే, ఇప్పటి హాయీ నిజమే. మధ్యలో ఉన్న సూది ఒక్కటే అబద్ధం. ఆ అబద్ధానికి కాపలా నాకు అప్పజెప్పారు.

ఆఖరి రోజు వచ్చింది. నన్ను కూడా లోపలికి రమ్మన్నారు. నంబర్ల అమ్మాయి చివరిసారి అడిగింది. "రెండు" అంది అక్క. తర్వాత ఆ పిల్ల, "మీకు ఏ సూదులు పెట్టారని మీరనుకుంటున్నారు?" అని అడిగింది. అది కూడా వాళ్ళ పద్ధతేనట.

"నిజమైనవే. అందులో అనుమానమే లేదమ్మా. రాసుకో."

ఆ పిల్ల రాసుకుని వెళ్ళిపోయాక పెద్ద డాక్టరు వచ్చాడు. చుట్టూ తిప్పలేదు. "మీకు వచ్చినవి మొద్దు సూదులండీ" అన్నాడు.

అక్క నవ్వింది. ఆయన నవ్వలేదు. అక్క తన చేతుల వైపు చూసుకుంది, వేరేవాళ్ళవి చూస్తున్నట్టు. "మరి నొప్పి ఎటు పోయిందండీ?"

"పోయిన మాట నిజమే. మీరు చెప్పిన నంబర్లు మాకు అబద్ధం కాదు. ఎందుకు పోయిందో మేమూ వెతుకుతున్నాం. మీకు కావాలంటే వచ్చే వారం నుంచి నిజమైనవి పెడతాం."

"ఆలోచించుకుంటాను" అని అక్క లేచింది. తలుపు దగ్గర మౌనస్వామి నిలబడి ఉన్నాడు. అక్క రోజూ పెట్టే దణ్ణం పెట్టబోయి, చేతులు సగంలో ఆపేసింది. అతను ఏదో అనబోయాడు. అతని దగ్గర ఉన్నవి ఆ నాలుగు ముక్కలే. పక్కకి తప్పుకున్నాడు.

బస్సు రెండు స్టాపులు దాటింది. అక్క కిటికీలోంచి చూస్తూనే, "డాక్టరు చెప్పినప్పుడు నువ్వు ఆశ్చర్యపోలేదే" అంది.

నేను బస్సు టికెట్టు మడత పెట్టాను.

"చిన్న బల్లి కనబడితే వీధి చివరి దాకా వినబడేలా అరిచేదానివి. ఆయన ఆ మాట చెప్తే కళ్ళు కూడా ఎత్తలేదు. నీకు ముందే తెలుసా?"

అడిగింది. అడిగితే నిజమే చెప్పమన్నారు. చెప్పాను. స్వెటరు, ప్లాస్టరు ముక్క, ఫోను, మర్నాడు ఒక్కదాన్నే వెళ్ళడం, అంతా చెప్పాను. అక్క మొత్తం విని తల ఊపింది.

"వాళ్ళు నన్ను మోసం చెయ్యలేదే. సగం మందికి ఉత్తుత్తివని మొదటి రోజే చెప్పారు, సంతకం పెట్టాను. నువ్వు పెట్టించుకున్నావా సంతకం? సెలూన్‌లో ఊరందరికీ చేతులు చూపిస్తుంటే పక్కన కూర్చుని విన్నావు. నా వెనకాల నవ్వుకున్నావా?"

"నవ్వా? అక్కా, నాకు తిండి కూడా సయించలేదు."

"నాకు చెప్పుంటే నాకూ సయించేది కాదు. ఇద్దరం కలిసి పస్తుండేవాళ్ళం" అంది. మామూలుగా అయితే దానికి ఇద్దరం నవ్వేవాళ్ళం.

మర్నాడు పొద్దున స్నానాలగదిలో నీళ్ళు కాగుతున్న చప్పుడు వినబడింది. ఆ చప్పుడు విని చాలా రోజులైంది. అక్క చాలాసేపటికి బయటికొచ్చింది, చేతులు తువ్వాల్లో చుట్టుకుని. నేను పోసిన టీ ముట్టకుండా కిందికి దిగిపోయింది. ఆమె గదిలోకి వెళ్ళి చూశాను. మాత్రల అట్ట మంచం పక్కనే ఉంది. నిన్న చూసినప్పుడు ఎన్ని మాత్రలున్నాయో ఇప్పుడూ అన్నే ఉన్నాయి.

ఆ రోజు దుకాణంలో ఒకాయనకి ఎడమ కన్ను అద్దం కుడివైపు బిగించాను. మధ్యాహ్నం సెలూన్ ముందు నుంచి నడిచి వెళ్ళాను, అద్దాల్లోంచి చూశాను. అక్క కత్తెర రెండు చేతులతో పట్టుకుని ఒకరి మెడ దగ్గర నెమ్మదిగా కత్తిరిస్తోంది. రేడియో మోగడం లేదు. లోపలికి వెళ్ళే ధైర్యం లేక వచ్చేశాను. సాయంత్రం కూడా ఆమె నాతో మాట్లాడలేదు. పాత్రల చప్పుడుతోనే ఇద్దరం భోజనం ముగించాం.

ఆ మర్నాడు మళ్ళీ నీళ్ళు కాగాయి. మళ్ళీ తువ్వాలు. ఈసారి నేను మెట్ల తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకో."

"నిజం సూదులు పెట్టించుకో అక్కా. వచ్చే వారమే మొదలెడతారట."

"ఇక ఏ సూదిని నమ్మనే నేను?"

"నమ్మొద్దు. నన్ను తిట్టు, కొట్టు, ఈ జన్మలో మాట్లాడకు. మాత్ర మాత్రం వేసుకో. నేను చెప్పకపోవడం తప్పే. మళ్ళీ అలాంటిది వస్తే మళ్ళీ చెప్పనేమో కూడా. నువ్వు రోజూ పొద్దున ఆ మాత్ర మింగుతుంటే నాకది చాలు, అది దేని వల్ల అన్నది నాకక్కర్లేదు. అమ్మ ఆఖర్లో నీళ్ళు కూడా మింగలేకపోయింది. చెంచాతో పోసింది నేను. నువ్వప్పుడు కింద సెలూన్‌లో ఉండేదానివి, చూడలేక. నీకు కూడా నేను అలా పొయ్యలేను అక్కా. నా వల్ల కాదు. నాకు భయంగా ఉంది."

జీవితమంతా భయపడ్డాను గానీ, ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అక్క ఓదార్చలేదు, తిట్టలేదు. వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. లోపల ఏదో కిందపడ్డ చప్పుడు, మళ్ళీ ఏదో గీకిన చప్పుడు, అక్క విసుక్కోవడం వినబడ్డాయి. నేను తలుపుకి అడ్డంగా అలాగే నిలబడి ఉన్నాను. ఆమెకి వెళ్ళడానికి వేరే దారి లేదు, నాకు చేసుకోవడానికి వేరే పని లేదు.

తలుపు తెరుచుకుంది. అక్క చేతిలో మాత్రల అట్ట ఉంది. వెనకవైపు రేకు మీద ఒక మూల గోళ్ళతో గీకిన గీతలు, పంటిగాట్లు కూడా. మాత్ర మాత్రం లోపలే ఉంది. దాన్ని నా ముందుకి చాచింది. వేళ్ళు వంకరగా ముడుచుకుపోయి ఉన్నాయి.

"రావట్లేదు. ఒకటి తీసి ఇయ్యి" అంది.

మొదటి మాత్ర కింద పడింది. రెండోది తీసి ఆమె అరచేతిలో పెట్టాను. చల్లారిపోయిన టీతోనే మింగేసింది. గొంతు దిగేదాకా నేను చూస్తూనే ఉన్నాను.

"నీతో ఇంకా మాట్లాడట్లేదు నేను" అని నన్ను పక్కకి జరిపి మెట్లు దిగింది. నాలుగు మెట్లు దిగాక ఆగింది గానీ, వెనక్కి తిరగలేదు.

"రేపు కూడా నువ్వే తియ్యాలి" అంది.